0.5 మాడ్యూల్ ప్లాస్టిక్ గేర్ల ప్యాకెట్: గేర్ల సంఖ్య కాదు, చిన్న గేరు బెజ్జం చూడండి

58 రకాలనీ 75 రకాలనీ ఆన్‌లైన్‌లో అమ్మే తెల్ల ప్లాస్టిక్ గేర్ల ప్యాకెట్ గురించి ఈ సమీక్ష. దీనిమీద కంపెనీ పేరు ఉండదు. మాడ్యూల్ అంటే పన్ను ఎంత పెద్దదో చెప్పే కొలత, మి.మీ.లలో ఉంటుంది. అది ఒకటే అయితేనే రెండు గేర్లు సరిగ్గా కలిసి తిరుగుతాయి. సింగిల్ గేర్లు, డబుల్ గేర్లు, ఒకటి రెండు వర్మ్‌లు (స్క్రూ మర లాంటి గేర్లు), ర్యాక్ (పళ్లున్న తిన్నని పట్టీ), క్రౌన్ గేర్లు (పళ్లు పక్కకి నిలబడి ఉండేవి), కొన్నిటిలో పుల్లీలు, రబ్బరు బెల్టులు కూడా వస్తాయి. బొమ్మ కార్లు, చిన్న రోబో చేతులు, స్కూలు ప్రాజెక్టులు చేసేవాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. పెద్ద గేర్లతో పెద్దగా పేచీ లేదు. ఇబ్బందంతా 8, 10 పళ్ల చిన్న గేర్లతోనే.

ఎందుకో లెక్క వేసి చూడండి. గేరు పళ్ల అడుగు వ్యాసం కావాలంటే పళ్ల సంఖ్యలోంచి 2.5 తీసేసి మాడ్యూల్‌తో గుణించాలి. 10 పళ్లకి 7.5 ఇంటూ 0.5, అంటే 3.75 మి.మీ. అందులో 2 మి.మీ. బెజ్జం పోతే బెజ్జానికీ పన్ను అడుగుకీ మధ్య 0.87 మి.మీ. గోడ మిగులుతుంది, అది చాలు. అదే గేరుకి 3 మి.మీ. బెజ్జం ఉంటే మిగిలేది 0.37 మి.మీ. మాత్రమే. 8 పళ్ల గేరుకైతే 2 మి.మీ. బెజ్జానికే గోడ అంత పలచబడుతుంది. తయారీదారులు చిన్న గేర్ల పళ్లని కాస్త బయటికి జరిపి చేస్తే గోడ కొంచెం మందంగా వస్తుంది గానీ, గండం మాత్రం తప్పదు. ఇంత పలచని గోడని షాఫ్టు మీదికి బిగుతుగా దించితే అప్పటికప్పుడు ఏమీ కాదు. కొన్ని గంటలకో, మర్నాటికో పన్ను అడుగు నుంచి బెజ్జం దాకా నిలువుగా చీలుతుంది. అందుకే 10 పళ్లకి 2 మి.మీ. బెజ్జం వరకే నమ్మండి. 3 మి.మీ. షాఫ్టు మీద 14 పళ్లకి తక్కువ వాడకండి.

బెజ్జం బిగుతో వదులో గేరు కోడ్‌లోనే ఉంటుంది. 102ఏ అంటే 10 పళ్లు, 2 మి.మీ. షాఫ్టు, బిగుతు. 40102బీ అంటే 40 పళ్ల గేరుకి 10 పళ్ల గేరు అతికిన డబుల్ గేరు, 2 మి.మీ. షాఫ్టు, వదులు. ఏ రకం బెజ్జం సుమారు 1.95 మి.మీ., బీ రకం 2.05. మోటారు మీద ఉండేది, చివర చక్రాన్ని తిప్పేది ఏ రకం కావాలి. మధ్యలో ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగేవి బీ రకం. ప్యాకెట్‌లో ఈ రెండూ కలిసిపోయి వస్తాయి కాబట్టి ముందే 2 మి.మీ. స్టీలు కడ్డీ గుచ్చి చూసి రెండు డబ్బాల్లో వేరు చేసుకోండి. పలచని సింగిల్ బీ గేరు ఇరుసు మీద ఊగుతుంది, పక్క గేరు పళ్ల అంచుని తింటుంది. మధ్య గేరు కావాలంటే పొడవాటి బెజ్జమున్న డబుల్ గేరే వాడండి.

మోటార్ల సంగతి చూస్తే, ఈ ప్యాకెట్ బొమ్మల్లో వాడే, 2 మి.మీ. షాఫ్టున్న 130 అనే చిన్న మోటారు కోసమే పుట్టింది. ఎన్20 అనే చిన్న గేరు మోటారుకి 3 మి.మీ. డి ఆకారం షాఫ్టు ఉంటుంది. కోడ్ చివర 3ఏ ఉన్న గేరు ఎక్కుతుంది గానీ చదును వైపు పట్టు ఉండదు, బరువు పడితే జారుతుంది. రోబో బళ్లలో వాడే పసుపు రంగు బీఓ మోటారు షాఫ్టు 5.4 మి.మీ., రెండు వైపులా చదును. 28బీవైజే-48 స్టెప్పర్ (అడుగు అడుగుగా తిరిగే మోటారు) షాఫ్టు 5 మి.మీ. ఈ రెండిటికీ ప్యాకెట్‌లో ఏదీ సరిపోదు, బెజ్జం పెద్దది చేసి ఎక్కించాలని చూడకండి.

అన్నీ నిజంగా 0.5 మాడ్యూలేనా అన్నది తప్పక చూడాలి. సరిసంఖ్య పళ్లున్న పెద్ద గేరు తీసుకుని కాలిపర్‌తో (సన్నని కొలతలు తీసే పనిముట్టు) బయటి వ్యాసం కొలిచి, పళ్ల సంఖ్యకి 2 కలిపి దాంతో భాగించండి, వచ్చేదే మాడ్యూల్. 40 పళ్లకి 21 మి.మీ. రావాలి. 16.8 వస్తే అది 0.4 మాడ్యూల్. 22.2 దగ్గర వస్తే రిమోట్ కార్లలో వాడే 48 పిచ్ గేరు. దాని మాడ్యూల్ 0.529. కంటికి 0.5 గేరూ ఇదీ ఒకేలా ఉంటాయి, జతచేసి చేత్తో తిప్పితే తిరుగుతాయి కూడా. మోటారు పెడితే కీచుమని అరిచి, పళ్లు త్వరగా అరిగిపోతాయి. కొలతకి 8, 10 పళ్ల గేర్లు వాడొద్దు, పళ్లు బయటికి జరిపినవైతే లెక్క తప్పుతుంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి చోట చేత్తో పట్టుకుని కొనే వీలుంటే కాలిపర్ వెంట తీసుకెళ్లండి.

ఇవి ఏ ప్లాస్టిక్ అంటే అమ్మేవాళ్లు పీఓఎమ్ అంటారు, నైలాన్ అంటారు, ఒక్కోసారి ఏబీఎస్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ ఇస్తారు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. 200 మి.లీ. వేడినీళ్లలో 70 గ్రాముల ఉప్పు కరిగించి చల్లార్చండి, గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేయండి. గేరుకి అంటిన బుడగలు దులిపి వదలండి. ఆ ఉప్పునీటి సాంద్రత 1.2 దగ్గర ఉంటుంది. పీఓఎమ్‌ది 1.41, కాబట్టి మునుగుతుంది. నైలాన్ 1.14, ఏబీఎస్ 1.04, రెండూ తేలతాయి. మునిగిన గేరు మోటారు దగ్గర పెట్టండి. నైలాన్ తేమ పీల్చి ఉబ్బుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో వానాకాలం వస్తే ఖాళీ లేకుండా బిగించిన నైలాన్ గేర్లు బిగుసుకుపోవచ్చు. పీఓఎమ్ పక్కన నైలాన్ గేరు నడిపితే మాత్రం అరుగుదల తక్కువ, ఆ జోడీ మంచిది. పీఓఎమ్‌కి సూపర్ గ్లూ సరిగ్గా అతకదు, కాబట్టి వదులైన గేరుని జిగురుతో నిలబెట్టొచ్చని ఆశ పెట్టుకోకండి.

బిగించేటప్పుడు సుత్తి వాడకండి. గేరుని రెండు నిమిషాలు మరుగుతున్న నీళ్లలో ఉంచి, తుడిచి, బెంచ్ వైస్‌తో మెల్లగా నొక్కండి. మోటారు వెనక షాఫ్టు కొన కింద ఆసరా ఉండాలి. మోటారు డబ్బాని పట్టి నొక్కితే వెనక మూత ఊడొస్తుంది.

ఇరుసుల దూరమే అసలు పని. రెండు గేర్ల పళ్లు కూడి, మాడ్యూల్‌తో గుణించి, సగం చేయండి. 10, 40 జోడీకి 12.5 మి.మీ. వస్తుంది. దానికి 0.1 మి.మీ. కలిపి బెజ్జాలు వేయండి. అంత సన్నగా కొలవలేకపోతే మామూలు ఏ4 కాగితం ముక్కని పళ్ల మధ్య పెట్టి గేర్లని ఆనించి గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం మందం సుమారు 0.1 మి.మీ. ఈ జోడీ వరసగా మూడు పెడితే 64 రెట్లు తగ్గుతుంది, అంటే 9,000 ఆర్‌పీఎమ్ మోటారు చివర 140 దగ్గర తిరుగుతుంది. చివరి గేరు మీదే బలమంతా పడుతుంది కాబట్టి అక్కడ పళ్ల వెడల్పు ఎక్కువున్నది పెట్టండి. వెడల్పు రెట్టింపైతే మోయగల బలం కూడా దాదాపు రెట్టింపు.

వర్మ్ సంగతి కొంచెం జాగ్రత్త. ఒక్క దెబ్బలో 40 రెట్లు తగ్గుతుందని అందరికీ ఆశ. కానీ నేరుపళ్ల గేరుతో అది తాకేది చిన్న చుక్క దగ్గరే. మోటారు వేగంలో సిలికాన్ గ్రీజు లేకుండా నడిపితే వేడికి పళ్లు మెత్తబడతాయి. పైగా వర్మ్ షాఫ్టుని ముందుకీ వెనక్కీ లాగుతుంది.

పాడైన గేరుని పారేసేముందు ఒకసారి చూడండి, కారణం దానిమీదే రాసి ఉంటుంది. చుట్టుకొకసారి టక్కుమంటే చిన్న గేరు చీలింది. పళ్ల కొసలు మాత్రమే అరిగితే దూరం ఎక్కువైంది. ఒకటి రెండు పళ్లు అడుగంటా విరిగితే చక్రం ఇరుక్కుని మోటారు ఆగకుండా తోసింది. ఒక పక్క అంచే అరిగితే ఇరుసు వంకర.

0.5 మాడ్యూల్ గేర్లని త్రీడీ ప్రింటర్‌తో చేసుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. పన్ను మధ్య మందం 0.785 మి.మీ. మాత్రమే, 0.4 మి.మీ. నాజిల్‌కి (ప్లాస్టిక్ బయటికొచ్చే మూతి) రెండు గీతలు కూడా సరిగ్గా పట్టవు. ప్రింట్ చేస్తే 1 మాడ్యూల్‌కి తగ్గొద్దు. లెగో టెక్నిక్ గేర్లు కూడా 1 మాడ్యూలే.

ఏ నిష్పత్తి కావాలో తేలేదాకా ఈ ప్యాకెట్ ఒకటి కొనండి, డబ్బుకి న్యాయమే. తేలాక మాత్రం దీంట్లోంచి ఏరి మెషిన్ కట్టకండి, ఒక్కో గేరు ఒకటి రెండే వస్తాయి, విరిగితే అదే గేరు మళ్లీ దొరకదు. కోడ్ రాసుకుని విడిగా పదేసి తెప్పించుకోండి. మోటారు మీది 102ఏ ఇంకో పది ఎక్కువే తీసుకోండి, ముందు పోయేది అదే.