ఏటి ఇసుకా, రోబో ఇసుకా?

ఇల్లు మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ ఈ టెన్షన్ తప్పదు.

ఖర్చు: ఏటి ఇసుక రేవుకు దూరమయ్యేకొద్దీ భారం, వానాకాలంలో కరువు. క్రషర్‌లో రాయి పగలగొట్టి చేసే రోబో ఇసుక, దగ్గర్లో క్రషర్ ఉంటే ఏడాదంతా దొరుకుతుంది.

పని: ఏటి రేణువు గుండ్రం, తాపీకి తేలిక. రోబో రేణువు గరుకు, నీళ్లు ఎక్కువ అడుగుతుంది. మేస్త్రీ అడిగినన్ని పోసేస్తే కాంక్రీట్ బలం తగ్గుతుంది. దగ్గరుండి చూసుకోండి.

రిస్క్: ఏటి ఇసుకలో ఒండ్రు, రోబోలో రాతిపొడి. కాంక్రీట్‌లో వాడే ఇసుక, కంకరల నాణ్యతకు మన దేశ ప్రమాణమైన 2016 నాటి ఐఎస్ 383 రెండింటినీ ఒప్పుకుంది. 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి మాత్రం ఏటి ఇసుకలో 3 శాతం, రోబోలో 15 శాతం దాటకూడదు.

ఇక ఏరు. చిన్నప్పుడు మా ఏట్లో మోచేతి లోతు చెలమ తీస్తే తేటనీళ్లు ఊరేవి. ఇసుకంతా లారీలెక్కింది. ఇప్పుడక్కడ రాతిచట్టు, ఒడ్డున ఎండిన బావులు. రోబోకీ కొండ పగలాల్సిందే, దుమ్ము కార్మికుల ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అయినా ఏటి ఇసుక పోతే ఊరి నీళ్లు పోయినంతగా, కొండరాయి పోతే పోవని నా నమ్మకం.

పిల్లర్లు, స్లాబు, గోడకట్టుకు రోబో. ప్లాస్టరింగ్‌కు, రేవు దగ్గరైతే, అనుమతి రశీదున్న ఏటి ఇసుక. దూరమైతే ప్లాస్టరింగ్ కోసమే అమ్మే సన్న రోబో.