ఆర్‌ఆర్‌వీ కోసం కన్సల్టెన్సీకి వెళ్తే: మా డబ్బు దండగ, మా మరిది డబ్బు కాదు

మెల్‌బోర్న్ పడమటి వైపు మనవాళ్లు ఎక్కువగా వెళ్లే ఒక మైగ్రేషన్ కన్సల్టెన్సీ గురించి ఈ రివ్యూ. పేరు రాయను. మా ఇంటివాళ్లం వాళ్ల చేత రెండు పనులు చేయించుకున్నాం. ఒకటి మాది: పీఆర్, అంటే ఆస్ట్రేలియా పర్మనెంట్ రెసిడెన్సీ, వచ్చి ఐదేళ్లు కావస్తోంది, ఇండియాలో పెళ్లికి వెళ్లి రావాలి, అందుకని రెసిడెంట్ రిటర్న్ వీసా, అంటే ఆర్‌ఆర్‌వీ. రెండోది హైదరాబాద్‌లో ఉండిపోయిన మా మరిది వాళ్లది. మాదానికి ఐదుకి ఒకటిన్నర ఇస్తాను, వాళ్లదానికి నాలుగున్నర. రెండూ కలిపి సగటు మూడు అని పెడితే చదివేవాళ్లకి ఏమీ ఉపయోగం ఉండదు.

ఆఫీసు గోడ మీద "మీ పీఆర్ ఎక్స్‌పైర్ అవుతోందా?" అని పెద్ద పోస్టర్ ఉంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆస్ట్రేలియా పీఆర్‌కి ఇక్కడ ఉండే విషయంలో గడువేమీ లేదు. గడువున్నది ట్రావెల్ ఫెసిలిటీకి, అంటే బయటికి వెళ్లి అదే వీసా మీద మళ్లీ లోపలికి రావడానికి, అది ఐదేళ్లు. ఆ ఐదేళ్లు అయిపోయినా దేశం దాటకుండా ఉన్నంతకాలం ఉద్యోగం, మెడికేర్, పిల్లల స్కూలు ఏదీ ఆగదు, ఎవరూ వచ్చి వెళ్లిపొమ్మనరు. అయిపోయాక దాటితే మాత్రం ఆ వీసా అంతటితో సరి, పర్మనెంట్ రెసిడెంట్‌గా తిరిగి రావాలంటే ఆర్‌ఆర్‌వీ తీసుకోవాల్సిందే. ఇంత చిన్న తేడా పోస్టర్‌లో పట్టదా అంటే పడుతుంది, కానీ పడితే జనం అంత భయపడరు కదా.

సరే, లోపల కౌన్సెలర్ అని ఒకబ్బాయి కూర్చున్నాడు. మర్యాదగా మాట్లాడాడు, కాఫీ కూడా ఇచ్చారు. మాది ఇండియాలో ఉండగానే గ్రాంటైన 189 నంబరు పీఆర్ వీసా, గ్రాంటైన కొన్ని నెలలకి ఇక్కడ దిగాం. మా తేదీలు చూసి "ఐదేళ్లు మీరు ల్యాండైన రోజు నుంచి మేడమ్, ఇంకా బోలెడు టైముంది" అన్నాడు. శుద్ధ తప్పు. ఐదేళ్ల లెక్క గ్రాంట్ తేదీ నుంచే మొదలవుతుంది, మీరు ఎప్పుడు దిగారన్నదానితో పని లేదు. అతని మాట నమ్మి ఆ మధ్య నెలల్లో తిరుగు టికెట్ వేసుకున్నవాళ్లకి ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్ దగ్గరే ఆగిపోవడం ఖాయం, ఎందుకంటే ఎయిర్‌లైన్ వాళ్లు అక్కడే వీసా ఉందో లేదో సిస్టంలో చూసుకుంటారు, లేకపోతే ఎక్కనివ్వరు.

నేను ఫోన్‌లో వీవో, అంటే ఎవరి వీసా వాళ్లు చూసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్, తెరిచి చూపించాను. ఆ వెబ్‌సైట్ గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం కథలో పైసా తీసుకోకుండా నిజం చెప్పింది అదొక్కటే. 2015 సెప్టెంబర్ నుంచి పాస్‌పోర్టులో వీసా స్టిక్కర్లు వేయడం ఆపేశారు కాబట్టి మన వీసా కంటికి కనపడే చోటు అదే. పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గ్రాంట్ లెటర్‌లో ఉన్న వీసా గ్రాంట్ నంబరు కొడితే వచ్చేస్తుంది. పీరియడ్ ఆఫ్ స్టే దగ్గర ఇండెఫినిట్ అని ఉంటుంది, మస్ట్ నాట్ అరైవ్ ఆఫ్టర్ దగ్గర ఒక తేదీ ఉంటుంది. మొదటిది చూసి హమ్మయ్య అని మూసేసేవాళ్లు కొందరు, రెండోది చూసి ఆ రోజుతో పీఆర్ పోతుందని టెన్షన్ పడేవాళ్లు కొందరు. "ఈ తేదీ ప్రయాణానికి మాత్రమే" అని కింద ఒక్క ముక్క రాస్తే సగం కన్సల్టెన్సీల వ్యాపారం పడిపోతుందని నా అనుమానం. అయినా మీరు చూడాల్సింది ఆ రెండో గడే: మీరు తిరిగొచ్చే విమానం ఆ తేదీలోపు ఇక్కడ దిగాలి.

ఇక కొటేషన్. నలుగురికి వేశారు. మా చిన్నది మాకు పీఆర్ వచ్చాక ఇక్కడే పుట్టింది, అంటే పుట్టుకతోనే ఆస్ట్రేలియా పౌరురాలు. పౌరులకి ఆర్‌ఆర్‌వీ ఉండదు, ఇవ్వరు కూడా, దానికి కావాల్సింది ఆస్ట్రేలియన్ పాస్‌పోర్టు. అది చెప్పాక "ఓహ్, సారీ మేడమ్" అని ముగ్గురికి మార్చారు. మనిషికింత అని వేయడంలో తప్పేమీ లేదు, ఆర్‌ఆర్‌వీకి కుటుంబం మొత్తం ఒకే అప్లికేషన్ కుదరదు, పిల్లలతో సహా ఎవరిది వాళ్లు పెట్టాల్సిందే, ప్రభుత్వ ఫీజూ మనిషికి విడిగానే. ఆ ఫీజే 400 డాలర్లు దాటిపోయింది, మామూలుగా ప్రతి జూలైలో ఇంకొంచెం పెరుగుతుంది. దాని మీద వీళ్ల ఫీజు దాదాపు ఇంకో అంత.

ఆ డబ్బుకి వాళ్లు చేసిందేమిటి? మాకు ఒక ఎక్సెల్ షీట్ పంపారు, దేశం దాటిన తేదీలు, తిరిగొచ్చిన తేదీలు మమ్మల్నే నింపమన్నారు. నింపి ఇచ్చాం. దాన్ని ఇమ్మిఅకౌంట్‌లో, అంటే వీసా అప్లికేషన్లు పెట్టే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతాలో, ఎక్కించారు. అంతే! మా ఆయనకి ఆఫీసు పని ఎక్కువై వీళ్లకి అప్పగించారు గానీ, ఆ ఎక్సెల్ నింపడానికి పట్టిన టైములో అసలు ఫారమే అయిపోతుంది. మా ముగ్గురికీ అదే రోజు గ్రాంటొచ్చింది, వాట్సాప్‌లో "కంగ్రాట్స్! మా టీమ్ కృషి ఫలించింది" అని బాణసంచా బొమ్మతో మెసేజ్ పెట్టారు. కృషి ఏముంది అందులో, అప్లై చేసే రోజుకి ముందు ఐదేళ్లలో పీఆర్ మీద కనీసం రెండేళ్లు ఇక్కడ ఉంటే ఇంకో ఐదేళ్ల ట్రావెల్ ఫెసిలిటీతో 155 (మామూలు ఆర్‌ఆర్‌వీ నంబరు అదే) వచ్చేస్తుంది, వేరే ఏదీ నిరూపించక్కర్లేదు. తేదీలు గుర్తులేనివాళ్లు ఇమ్మిగ్రేషన్ డిపార్ట్‌మెంట్‌నే మూవ్‌మెంట్ రికార్డులు అడగొచ్చు, ఎప్పుడు వెళ్లారో ఎప్పుడు వచ్చారో అంతా వాళ్ల దగ్గర ఉంటుంది.

ఆ ఎక్సెల్‌లో ఇంకో లోపం. "ఆస్ట్రేలియాలో మొత్తం ఉన్న కాలం" అని ఒకే గడి పెట్టారు. స్టూడెంట్ వీసా మీదో వర్క్ వీసా మీదో ఇక్కడ ఎన్నేళ్లున్నా ఆ రోజులు ఈ రెండేళ్లలోకి రావు, పీఆర్ వచ్చాక ఉన్నవే లెక్క. మాకు ఆ తేడా లేదు కాబట్టి సరిపోయింది, అలాంటివాళ్లెవరైనా ఆ షీట్ నింపి మాకు రెండేళ్లు దాటాయని ధీమాగా ఉంటే కష్టం. బాబు పాస్‌పోర్టు సంగతి కూడా వాళ్లు అడగలేదు. చిన్నపిల్లల ఇండియన్ పాస్‌పోర్టు ఐదేళ్లకే అయిపోతుంది, కొత్తది వస్తే నంబరు మారుతుంది, వీసా మాత్రం పాత నంబరుకే అతుక్కుని ఉంటుంది. ఇమ్మిఅకౌంట్‌లోకి వెళ్లి మార్చుకోవాలి, దానికి ఫీజు లేదు. అది నేనే చూసుకున్నాను.

ఇంత తిట్టాక నాలుగున్నర ఎందుకంటే, అదే ఆఫీసులో రెండో గదిలో ఉండే సీనియర్ ఏజెంటు గారి వల్ల.

మా మరిదిదీ 189. వచ్చి రెండేళ్లు నిండకుండానే మా మామగారికి పక్షవాతం వచ్చి, వాడూ తోడికోడలూ వెనక్కి వెళ్లారు. ఈలోపు ఐదేళ్ల ట్రావెల్ ఫెసిలిటీ కూడా గడిచిపోయింది. వాడు "వదినా, విజిటర్ వీసా మీద వచ్చేసి అక్కడ చూసుకుంటాం" అంటున్నాడు. ఆ ఏజెంటావిడ మొదటి కాల్‌లోనే ఆ ఆలోచన ఆపించారు: విజిటర్‌గా వస్తే విజిటరే, పని చేయడానికి వీల్లేదు, ఆర్‌ఆర్‌వీ బయటి నుంచీ పెట్టుకోవచ్చు కదా, హైదరాబాద్ నుంచే పెడదాం అని. ఇంకో మాట చెప్పారు, అది నాకూ అప్పటిదాకా తట్టలేదు. ఐదేళ్ల లెక్క అప్లై చేసే రోజు నుంచి వెనక్కి చూస్తారు కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ వీళ్లు ఇక్కడ ఉన్న పాత రోజులు ఒక్కొక్కటే ఆ కిటికీలోంచి జారిపోతుంటాయి. పైగా ఏకధాటిగా ఐదేళ్లు బయటే ఉండిపోతే ఎందుకు రాలేకపోయారో బలమైన కారణాలు కూడా చూపించాల్సి వస్తుంది. తర్వాత చూద్దాంలే అనుకునే వీలే లేదన్నమాట.

రెండేళ్లు లేనివాళ్లు ఆస్ట్రేలియాతో గట్టి సంబంధం చూపించాలి: వ్యాపారం, ఉద్యోగం, సాంస్కృతికం, వ్యక్తిగతం, వీటిలో ఏదైనా సరే, కానీ దాని వల్ల ఈ దేశానికీ మేలుండాలి. అలా వస్తే 155 ఏడాది వరకూ ఇస్తారు. అదీ కుదరకపోతే 157 అని మూడు నెలల ఆర్‌ఆర్‌వీ ఉంది, దానికైతే దేశం వదిలి వెళ్లడానికి గల కారణం మనసు కరిగించేంత గట్టిదై ఉండాలి. ఆవిడ రెండింటికీ పనికొచ్చేలా ఫైలు కట్టారు. పాత కంపెనీ నుంచి ఆఫర్ లెటర్, ఇక్కడ కట్టిన టాక్సు కాగితాలు, అన్న కుటుంబం ఇక్కడే ఉందని మా వివరాలు, మామగారి హాస్పిటల్ రిపోర్టులు. తోడికోడలికి విడిగా ఆధారాలు వెతకలేదు. అప్లికేషన్ వేరే పెట్టాలి గానీ, భర్తకి వచ్చే వీసా ఆసరాగా కుటుంబ సభ్యురాలిగా అడగొచ్చని చెప్పి అలాగే పెట్టారు. కవరింగ్ లెటర్ నేను చదివాను, ఏడుపులు లేవు, ఏ తేదీన ఏం జరిగిందో, దానికి ఏ కాగితం సాక్ష్యమో, అంతే. కొన్ని నెలలు పట్టింది, మధ్యలో ఇంకొన్ని కాగితాలు అడిగారు, ఇద్దరికీ ఏడాది 155 వచ్చింది. వచ్చాక "ఆ ఏడాదిలోపు దిగండి, దిగాక రెండేళ్లు నిండే వరకు ఊరికే ప్రయాణాలు పెట్టుకోకండి" అని ఆవిడే ఫోన్ చేసి చెప్పారు. ఇదీ డబ్బు తీసుకుని చేసే పని అంటే.

ఈ మధ్యలో వాట్సాప్ గ్రూపుల సలహాలు పెద్ద తలనొప్పి. టొరంటోలో ఉన్న మా చెల్లి "730 రోజులు లేకపోతే పీఆరే పోతుందక్కా" అని కంగారు పెట్టేసింది. అది కెనడా సంగతి, అక్కడ ఐదేళ్లలో 730 రోజులు ఉండటం పీఆర్ నిలబెట్టుకోవడానికే. ఇక్కడ రెండేళ్ల లెక్క తిరిగొచ్చే హక్కు కోసం. అమెరికాలో అన్నయ్యేమో రీఎంట్రీ పర్మిట్ అంటాడు, గ్రీన్‌కార్డు వాళ్లు ఏడాదీ అంతకు మించీ బయట ఉండాలంటే ముందే తీసుకునేది. ఒక దేశం రూల్ ఇంకో దేశానికి అతికించకండి బాబూ.

సిటిజన్‌షిప్ తీసుకుంటే ఈ గొడవే లేదు కదా అంటారు. నిజమే, నాలుగేళ్లు ఉండి, అందులో చివరి ఏడాది పీఆర్ మీద గడిపి, బయట గడిపిన రోజుల పరిమితి దాటకపోతే అప్లై చేయొచ్చు. కానీ ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోవాలి, ఓసీఐ (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) మీద పొలం కొనడానికి వీలుండదు, మా ఆయన అక్కడే ఆగారు. అలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే ఆర్‌ఆర్‌వీకి ఇంత గిరాకీ.

కాబట్టి రెండేళ్లు నిండినవాళ్లు ఆ ఆఫీసు మెట్లెక్కకండి, ఇమ్మిఅకౌంట్ తెరిచి మీరే పెట్టేసుకోండి. మరీ ముందుగా కూడా వద్దు, కొత్త ఐదేళ్లు గ్రాంటైన రోజు నుంచే మొదలవుతాయి, పాతదాంట్లో మిగిలింది దానికి కలవదు. నిండనివాళ్లు వెళ్లండి, కానీ అపాయింట్‌మెంట్ అడిగేటప్పుడే మారా (మైగ్రేషన్ ఏజెంట్లను రిజిస్టర్ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్‌లో ఉన్న ఏజెంటుతోనే మాట్లాడతామని చెప్పండి, నంబరు అడిగి ఆన్‌లైన్ రిజిస్టర్‌లో చూసుకోండి. రిజిస్ట్రేషన్ లేని మనిషి, లాయరు కూడా కాకపోతే, ఇక్కడ వీసా సలహా ఇవ్వడానికే వీల్లేదు, కాగితాలు అందుకోవడం, టైపు చేయడం వరకే. లేదంటే మొదటి అరగంట ఆ కౌన్సెలర్ కుర్రాడి దగ్గరే గడిచిపోతుంది, దానికీ బిల్లేస్తారు. పార్కింగ్ మాత్రం శనివారం అస్సలు దొరకదు.