జోబ్రిస్టా, కీకే హెర్నాండెజా: యుటిలిటీ ఆటగాళ్ళలో ఎవరు మేలు?

బేస్‌బాల్‌లో యుటిలిటీ ప్లేయర్ అనగానే మన క్రికెట్ ఆల్‌రౌండర్ గుర్తొస్తాడు గానీ, ఇద్దరి పనీ వేరు. యుటిలిటీ ప్లేయర్ పిచింగ్ (బ్యాటర్‌కి బంతి విసరడం) జోలికి మామూలుగా పోడు. ఫీల్డింగ్‌లో ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడతాడు. క్రికెట్‌లో పాయింట్ దగ్గరున్నవాణ్ణి లాంగాన్‌కి పంపితే అదో వార్త కాదు. బేస్‌బాల్‌లో మాత్రం షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య స్థానం), సెకండ్ బేస్, లెఫ్ట్ ఫీల్డ్ దేనికదే విడిగా నేర్చుకోవాల్సిన పని. గ్లవ్ కూడా మారిపోతుంది. బేస్‌ల దగ్గర ఆడేవాడు బంతిని చటుక్కున బయటికి తీసి విసరాలి కాబట్టి చిన్నది వాడతాడు. ఔట్‌ఫీల్డ్‌లో పరుగెత్తి అందుకోవాలి కాబట్టి పొడవాటిది కావాలి. అందుకే వీళ్ళ కిట్‌బ్యాగ్‌లో రెండు మూడు గ్లవ్‌లుంటాయి.

ఈ పనిలో పేరు తెచ్చుకున్న ఇద్దరు బెన్ జోబ్రిస్ట్, కీకే హెర్నాండెజ్. పైకి ఒకే రకం ఆటగాళ్ళలా కనిపిస్తారు. కెరీర్లు చూస్తే పొంతనే లేదు.

జోబ్రిస్ట్ 2006లో టాంపా బే తరఫున మొదలుపెట్టాడు. మేనేజర్ జో మాడన్ అతన్ని ఒక చోట కుదురుగా ఉంచలేదు, అలాగని బెంచీ మీదా కూర్చోబెట్టలేదు. స్థానం ఏదైనా సరే, దాదాపు రోజూ ఆడాల్సిందే. 2009లో ఎక్కువగా సెకండ్ బేస్, రైట్ ఫీల్డ్‌లో ఆడుతూనే 27 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టి ఆల్‌స్టార్ (ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టుకి ఎంపిక) అయ్యాడు. 2015లో కాన్సస్ సిటీ వరల్డ్ సిరీస్ (ఏడు మ్యాచ్‌ల దాకా సాగే లీగ్ ఫైనల్) గెలిచినప్పుడు అతను సెకండ్ బేస్‌లో ఉన్నాడు. మరుసటి ఏడాది షికాగో కబ్స్ 1908 తర్వాత మొదటిసారి గెలిచినప్పుడు లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్నాడు. వరుసగా రెండేళ్ళు, రెండు జట్లు, రెండు స్థానాలు!

ఆ 2016 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో, తొమ్మిది ఇన్నింగ్స్‌తో తేలక ఆడిన పదో ఇన్నింగ్స్ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. స్కోరు 6-6. వాన వల్ల ఆట కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. ప్రత్యర్థి క్లీవ్‌లాండ్ వాళ్ళు కబ్స్ బ్యాటర్ రిజోను కావాలనే నడిపించి (కొట్టే అవకాశమివ్వకుండా మొదటి బేస్ ఇచ్చేసి) జోబ్రిస్ట్‌ని ఎదుర్కొన్నారు. పిచర్ బ్రయాన్ షా కుడిచేతివాడు. జోబ్రిస్ట్ స్విచ్ హిట్టర్ (రెండు వైపుల నుంచీ బ్యాటింగ్ చేయగలవాడు) కాబట్టి ఎడమవైపు నిలబడ్డాడు. అప్పటికే రెండు స్ట్రైకులు, మూడోది పడితే ఔట్. తర్వాత బంతిని మూడో బేస్ పక్కగా, గీతకి లోపలే లెఫ్ట్ ఫీల్డ్‌లోకి కొట్టాడు. బేస్ మీదున్న కబ్స్ ఆటగాడు అల్మోరా ఇంటికొచ్చి (హోమ్ ప్లేట్ చేరి) రన్ చేశాడు, 7-6. చివరికి కబ్స్ 8-7తో గెలిచారు, సిరీస్ ఎంవీపీ (మేటి ఆటగాడు) జోబ్రిస్టే.

నా లెక్కలో ఇద్దరి మధ్య తేడా గ్లవ్‌లో లేదు, బ్యాట్‌లో ఉంది. పిచర్ ఏ చేతివాడైనా జోబ్రిస్ట్‌ని పక్కన పెట్టక్కర్లేదు. హెర్నాండెజ్ కుడిచేతి బ్యాటర్. ఎడమచేతి పిచర్ల మీద నయం, కుడిచేతి వాళ్ళ మీద తేలిపోతాడు. కెరీర్ బ్యాటింగ్ సగటు .240 లోపే, అంటే నాలుగు ప్రయత్నాలకి ఒక హిట్ కూడా పడదు. అందుకే చాలా సీజన్లలో ఒకరోజు ఆట, ఒకరోజు బెంచీ. 2023లో బోస్టన్ అతన్ని షార్ట్‌స్టాప్‌లో పెట్టి చూస్తే తప్పులు ఎక్కువయ్యాయి, జూలైలో మళ్ళీ అతని పాత జట్టు లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కే పంపేశారు.

డబ్బులోనూ అదే తేడా. జోబ్రిస్ట్‌కి కబ్స్ నాలుగేళ్ళకి 5.6 కోట్ల డాలర్లు ఇచ్చారు. హెర్నాండెజ్‌కి 2024లో 40 లక్షల డాలర్లు, 2025లో 65 లక్షలు, రెండూ ఏడాది ఒప్పందాలే.

కానీ అక్టోబర్ (నాకౌట్ మ్యాచ్‌ల నెల) వచ్చిందంటే హెర్నాండెజ్ వేరే మనిషి. 2017లో కబ్స్ మీద ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు, అందులో ఒకటి గ్రాండ్‌స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టింది). 2025 వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో టొరంటోకి రెండో, మూడో బేస్‌లలో మనుషులున్నారు, డాడ్జర్స్ 3-1 ఆధిక్యం. లెఫ్ట్ ఫీల్డ్ నుంచి ముందుకు దూసుకొచ్చి బంతి పట్టి, అదే ఊపులో సెకండ్ బేస్‌కి విసిరాడు. డబుల్ ప్లే (ఒకే బంతికి ఇద్దరు ఔట్), ఆట ఖతం! అతని వరల్డ్ సిరీస్ టైటిళ్ళు మూడు, జోబ్రిస్ట్‌వి రెండు. (2018లో పిచర్లు అయిపోతే హెర్నాండెజ్ పదహారో ఇన్నింగ్స్‌లో పిచింగ్ కూడా చేశాడు పాపం. మ్యాచ్ ముగించే హోమ్ రన్ ఇచ్చుకున్నాడు.)

ఆటగాడి వైపు నుంచి చూస్తే జోబ్రిస్ట్ దారే మేలు, ఇందులో నాకు అనుమానం లేదు. జట్టు వైపు నుంచి అంత తేలిక కాదు. ఇప్పుడు జట్టులో 26 మంది, అందులో పిచర్లు 13 మంది దాకా ఉంటారు. బ్యాటింగ్ చేసే తొమ్మిది మంది పోగా బెంచీ మీద నలుగురే. వాళ్ళలో ఒకడు అదనపు క్యాచర్ (మన వికెట్‌కీపర్ లాంటివాడు). మిగిలిన ముగ్గురితోనే గాయాలు, విశ్రాంతి, చివరి ఇన్నింగ్స్ మార్పులు అన్నీ నడపాలి. అక్కడ హెర్నాండెజ్ లాంటివాడు ఏడాదికి 65 లక్షల డాలర్లకి దొరికితే కారు చౌక. కాకపోతే ముందు తొమ్మిది మందీ గట్టివాళ్ళై ఉండాలి. డాడ్జర్స్‌కి ఉన్నారు. లేని జట్టు అతన్నే రోజూ ఆడించాల్సి వస్తే, 2023లో బోస్టన్‌కి జరిగిందే జరుగుతుంది.