పాప పుట్టువెంట్రుకలు ఫ్రేమ్ చేయించాలనుకునే అమ్మలకు జాగ్రత్త

బిడ్డను పోగొట్టుకుని, గుర్తుగా ఏదైనా చేయించుకోవాలని ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. మీ దగ్గరున్నదంతా పార్సిల్ చేసి పంపకండి. నేను పంపాను.

మాది రాజోలు దగ్గర పల్లె. 34వ వారంలో పాప కదలడం లేదని అమలాపురం వెళ్తే గుండె చప్పుడు లేదన్నారు. కాన్పయ్యాక అక్కడి నర్సమ్మ, మేం అడగకుండానే, స్టాంప్ ప్యాడ్ సిరాతో పాప పాదాలు తెల్లకాగితం మీద అద్దింది. తల వెంట్రుకలు చిన్న కుచ్చు కత్తిరించి, దూదిలో చుట్టి నా చేతిలో పెట్టింది. ఆవిడ రుణం తీర్చుకోలేను. పుట్టువెంట్రుకలు అంతర్వేదిలో తీయిస్తామని మొక్కుకున్నాం, మాకు మిగిలింది ఆ కుచ్చే. ఇలాంటివి ఇంట్లో ఉంచకూడదని చుట్టాలు అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనకుండా తన కుంకుమ భరిణ ఖాళీ చేసి తుడిచి ఇచ్చారు, అందులో దాచుకోమని.

ఆ భరిణలోంచి తీసి, ఇన్‌స్టాలో చూసిన ఒక రెజిన్ (పోశాక గాజులా గట్టిపడే ద్రవం) ఫ్రేమ్‌ల పేజీకి పంపాను. 4,500 రూపాయలు మొత్తం ముందే కట్టించుకున్నారు. రెండు వారాలన్నది మూడు నెలలైంది. ఫ్రేమ్ వచ్చాక వారం రోజులు తలగడ పక్కనే పెట్టుకున్నాను. ఒకరోజు ఫోన్‌లో పాత ఫొటో కనపడింది. పంపే ముందు మా ఆయన ఆ కుచ్చును రూపాయి బిళ్ల పక్కన పెట్టి తీసిన ఫొటో. కుచ్చు బిళ్ల అంచు దాటదు, చివర్లు గుండ్రంగా తిరిగి, కాస్త రాగి రంగు. ఫ్రేమ్‌లో ఉన్నది నా చిటికెన వేలంత పొడవు, నల్లగా, తిన్నగా.

అడిగితే రెజిన్‌లో రంగు ముదురుతుందన్నారు. రంగు ముదురుతుంది, పొడవు ఎలా పెరుగుతుంది? గట్టిగా నిలదీస్తే చివరికి ఒప్పుకున్నారు: "తడి తగిలి పాడైపోయాయి అక్కా, మీరు బాధపడతారని వేరేవి పెట్టాం." ఎవరి జుట్టో ఇప్పటికీ తెలియదు.

అక్టోబర్ 15న, ఇలా బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్లు చాలా దేశాల్లో దీపం వెలిగించి తలుచుకునే రోజున, నేను వాట్సాప్‌లో ఏడుస్తూ రాసుకున్న మెసేజ్‌నే ప్రకటనగా పెట్టారు. కింద రేటు. అది చూసినప్పుడు నాకు చేతులు వణికాయి.

పేజీ పేరు మార్చి మళ్లీ తెరుస్తున్నారు. అందుకే పేరు కన్నా పద్ధతి చెబుతున్నాను. ఉన్నదాంట్లో సగం కన్నా ఎక్కువ పంపకండి. స్కేలు పక్కన పెట్టి ఫొటో తీయండి. వెంట్రుకలు అమర్చేటప్పుడు వీడియో కాల్‌లో చూపిస్తారా అని అడగండి, తప్పించుకుంటే వదిలేయండి. ఫొటోలు, మెసేజ్‌లు ఎక్కడా వాడకూడదని ముందే రాయించుకోండి. వీలైతే దగ్గర్లో, కళ్లెదుట చేసేవాళ్లనే చూసుకోండి. పాపను చుట్టిన తువ్వాలుకి నర్సాపురం వైపు లేసు అల్లే పిన్ని ఒకావిడ మా అరుగు మీదే కూర్చుని అంచు అల్లిపెట్టింది. నాకు ఆ ఫ్రేమ్ కన్నా అదే వెయ్యిరెట్లు నయం.

పాదాల కాగితం మాత్రం నా దగ్గర క్షేమంగా ఉంది, మా ఆయన పట్టుబట్టి స్కాన్ కాపీయే పంపించారు కాబట్టి. కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే స్కానింగ్ బొమ్మల సంగతి కూడా చెప్పాలి. ఆ నున్నటి కాగితం మీద బొమ్మ వేడితో పడుతుంది, కొన్నేళ్లకు వెలిసిపోతుంది. కలకాలం ఉంటుందని లామినేషన్‌కి ఇస్తే మెషిన్ వేడికి నల్లబడిపోతుంది. మా చెల్లెలి వరసమ్మాయికి భీమవరంలో అలాగే పోయింది. ముందు ఫొటో తీసి, మామూలు కాగితం మీద ప్రింట్ వేయించి, దాన్నే లామినేషన్ చేయించుకోండి.

1915కి, అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. కట్టిన రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు, ఆ రూపాయి బిళ్ల ఫొటో పనికొచ్చాయి. డబ్బు సగం వెనక్కి వేశారు, ప్రకటన తీసేశారు. డబ్బు తీసుకుని అసలు పలకకుండా పోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబర్ 1930కి చెప్పండి.

మీలో ఎవరైనా ఇప్పటికే పార్సిల్ పంపేసి ఉంటే, ఈ రోజే వాళ్లకి ఫోన్ చేసి పని మొదలుపెట్టారా అని అడగండి. పెట్టకపోతే విప్పకుండా వెనక్కి పంపమనండి, కొరియర్ ఖర్చు మీదైనా సరే.