ముందే అడ్డుకోవాలా, రిజిస్టరయ్యాక రద్దు కోరాలా?

ఎవరో ‘ఆవకాయ’ అన్న మాటనే 29వ క్లాసులో (క్లాసంటే సరుకుల వర్గం) పచ్చళ్లన్నిటికీ ట్రేడ్‌మార్కుగా అడిగారనుకోండి. ఆ దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్లో (దరఖాస్తుల్ని ప్రకటించే అధికారిక పత్రిక) పడిన 4 నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. ఫారం టీఎమ్-ఓ, ఆన్‌లైన్లో క్లాసుకు రూ.2,700. ఆ అభ్యంతరం నోటీసు కాపీ అందిన 2 నెలల్లో అవతలివాళ్లు జవాబు దాఖలు చేయకపోతే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. పని అక్కడితో సరి.

గడువు దాటి మార్కు రిజిస్టరైపోయిందా, ట్రేడ్‌మార్క్స్ చట్టం 57వ సెక్షన్ కింద రద్దు కోరాలి. రిజిస్ట్రార్ దగ్గరైతే ఫారమూ ఫీజూ అవే, హైకోర్టుకూ వెళ్లొచ్చు. కానీ అది తేలేదాకా మార్కు వాళ్లదే. మీ సీసా లేబుల్ చూపించి లీగల్ నోటీసు పంపినా పంపుతారు. ఆ టెన్షన్ దేనికి? నా ఓటు మొదటిదానికే. జర్నల్ ప్రతి సోమవారం వస్తుంది, చూస్తుండండి.

5 ఏళ్ల 3 నెలలుగా వాడకుండా అట్టిపెట్టుకున్న మార్కును తీయించాలంటే మాత్రం రెండో దారే, 47వ సెక్షన్ కింద.