చంద్రుడి కోసం స్పాటింగ్ స్కోప్: ఏళ్ల వాడకం తర్వాత

పక్షుల కోసం కొన్న స్పాటింగ్ స్కోప్‌ను (ముందు లెన్స్ 80 మి.మీ. వెడల్పున్న చిన్న టెలిస్కోప్) ఏళ్లుగా నేను ఎక్కువగా వాడుతున్నది చంద్రుణ్ణి చూడటానికే. 20 నుంచి 60 రెట్ల జూమ్, అంచుల్లో రంగులు తగ్గించే ఈడీ గ్లాస్, 45 డిగ్రీల వంపున్న ఐపీస్ (కన్ను పెట్టి చూసే భాగం). చంద్రుణ్ణి తరచూ చూడాలనుకునేవారికి ఇంతకంటే హాయైన పరికరం నాకు తెలియదు. ట్రైపాడ్‌కి బిగించి బయట పెడితే చాలు. బొమ్మ తలకిందులుగా కనిపించదు, కుడిఎడమలు మారవు. కాబట్టి చంద్రుడి మ్యాపు పక్కన పెట్టుకుని ఒక్కో బిలాన్నీ తేలిగ్గా గుర్తుపట్టొచ్చు.

పౌర్ణమి నాడు చూస్తే మాత్రం నిరాశే. ఎండ సూటిగా పడటంతో నీడలుండవు, గుంతలూ గట్లూ కలిసిపోతాయి. టైకో బిలం నుంచి నలువైపులా సాగే తెల్లటి చారలకు మాత్రం అదే మంచి రోజు. మిగతా అందమంతా వెలుగూ చీకటీ కలిసే గీత వెంటే ఉంటుంది. శుక్ల షష్ఠి ప్రాంతంలో థియోఫిలస్, సిరిలస్, కాథరీనా అనే మూడు బిలాలు ఒకదాని కింద ఒకటి తేలతాయి. థియోఫిలస్ గోడ సిరిలస్ అంచును తినేసింది, అంటే అది తర్వాత ఏర్పడిందన్నమాట! ఇంత చరిత్ర 40 రెట్లలోనే చదవొచ్చు. నవమి, దశమి నాటికి 93 కి.మీ. వెడల్పున్న కోపర్నికస్ బిలం గోడల మెట్లు, నడిమి శిఖరాలు కనిపిస్తాయి. ఓ గంట ఓపిక పడితే చీకట్లో చుక్కలా మెరిసే కొండకొన మీద వెలుగు కిందికి పాకడం కూడా చూడొచ్చు.

నా స్కోప్‌లో 45 రెట్లు దాటితే బొమ్మ మెత్తబడుతుంది, చంద్రుడి అంచున సన్నటి ఊదారంగు వస్తుంది. 60 రెట్లు గాలి నిలకడగా ఉన్న రాత్రులకే. జూమ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ ఫోకస్ చేసుకోవాలి.

ఫొటోల దగ్గర కాస్త కష్టపడాలి. ఫోన్ అడాప్టర్ తగిలించి, 30 రెట్ల లోపే ఉంచి, ఎక్స్‌పోజర్ బాగా తగ్గించి లాక్ చేస్తాను. చేతి కదలిక తగలకుండా 2 సెకన్ల టైమర్ పెడతాను. అర్ధచంద్రుడి మొత్తం వెలుగు పౌర్ణమి వెలుగులో సుమారు పదో వంతే, కాబట్టి షట్టర్ ఎక్కువసేపు తెరవాలి. అప్పుడు ట్రైపాడ్ వణుకు బయటపడుతుంది. పైగా భూభ్రమణం వల్ల చంద్రుడు సుమారు 2 నిమిషాల్లో తన వెడల్పంత జరిగిపోతాడు. అందుకే ఒక్క ఫొటో మీద ఆశ పెట్టుకోకుండా చిన్న వీడియో తీస్తాను. ఆటోస్టాకర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అందులోంచి స్పష్టమైన ఫ్రేములను ఏరి కలుపుతుంది. ఒంటి ఫొటోకీ దీనికీ పోలికే ఉండదు.

కొనేవారు ఐపీస్‌కి వంపు లేని నిటారు మోడల్ జోలికి వెళ్లకండి, చంద్రుడు నడినెత్తిన ఉన్నప్పుడు మెడ పట్టేస్తుంది. ట్రైపాడ్‌కి డబ్బు మిగుల్చుకోండి. ఫోకస్ చక్రం తిప్పినప్పుడల్లా ఊగేదైతే ఎంత మంచి గ్లాస్ ఉన్నా వృథానే.