వైట్‌ఫీల్డ్ గేటెడ్ కమ్యూనిటీలో రెండేళ్లు: ఇల్లు బాగుంది, వెనక గేటుకు తాళం

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకు దిగి రెండేళ్లు పూర్తయ్యాయి. ఇంటికి వంక పెట్టలేను. గాలి, వెలుతురు ధారాళంగా వస్తాయి. లిఫ్టు, జనరేటరు మొరాయించిన రోజు లేదు. నా అసంతృప్తి అంతా ప్రహరీ గోడ గురించే.

మా బాల్కనీలో నిలబడితే వెనక గోడ అవతల వేంకటేశ్వరస్వామి గుడి గోపురం, ఆ పక్క సందు చివర మెట్రో వంతెన కనిపిస్తాయి. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ తెల్లవారుజామున సుప్రభాతం వినబడగానే స్నానం చేసి గుడికి బయలుదేరింది. పాట వినబడేంత దగ్గరలో ఉన్న ఆ గుడికి ముందు గేటులోంచి మెయిన్ రోడ్డు మీదుగా చుట్టి వెళ్లాలంటే రెండు కిలోమీటర్లు నడవాలి, అందులో సగం దూరం ఫుట్‌పాత్ లేదు. వెనక గోడకు ఇనుప గేటు ఒకటి ఉంది గాని, దాని తాళం తుప్పు పట్టి, గడియ మీదికి తీగ పాకింది. అమ్మ కాసేపు ఆ ఊచలు పట్టుకుని నిలబడి, అక్కడినుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేసింది.

అంతకుముందు మేము జయనగర్‌లో ఉండేవాళ్లం. 1948లో మొదలైన ఆ లేఅవుట్‌లోనూ, 1898 ప్లేగు తరువాత జనం తరలివెళ్లిన మల్లేశ్వరం, బసవనగుడిలోనూ మెయిన్లు, క్రాసులు అని పిలిచే నిలువు, అడ్డ వీధులు ఒకదానితో ఒకటి కలుస్తూ సాగుతాయి కనుక ఒకచోట రోడ్డు తవ్వినా పక్క క్రాసులోంచి వెళ్లిపోవచ్చు. ఇటువైపు పొలాలను ఎవరివి వారు అమ్ముకోగా, ఒక్కో బిల్డరు తనకు దొరికిన ముక్కను ఊరి పాత రోడ్డుకు ఒకేచోట కలిపి, మిగతా మూడు వైపులా గోడ కట్టారు. దానితో వందల ఇళ్ల కార్లు, స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ ఆ ఒక్క రోడ్డు మీదే పడుతున్నాయి. ఇది బెంగళూరుకే పరిమితమైన సంగతి కాదు: 1975 తరువాత ప్రపంచంలో చాలాచోట్ల కొత్త వీధులు అంతకంతకూ ఒకదానితో ఒకటి కలవకుండా ఏర్పడుతున్నాయని క్రిస్టఫర్ బారింగ్టన్-లీ, ఆడమ్ మిల్లార్డ్-బాల్ 2020లో ప్రచురించిన అధ్యయనం చూపింది. ఇల్లు కూల్చి మళ్లీ కట్టుకోవచ్చు. ఒకసారి పడిన వీధి మాత్రం తరాలు గడిచినా అక్కడే ఉంటుంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అదే.

2023లో మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా వచ్చినా, మా బ్లాకులో చాలామంది ఇంకా కారులోనే ఆఫీసుకు వెళ్తున్నారు. వెనక గేటును ఉదయం ఆరు నుంచి రాత్రి పది వరకు నడిచేవారి కోసం తెరిచి, ఒక సెక్యూరిటీ గార్డును పెట్టమని అసోసియేషన్‌కు రెండుసార్లు రాశాను. భద్రత కారణంగా కుదరదన్నారు. ఆ భయాన్ని నేను తీసిపారేయను, కానీ ముందు గేటు దగ్గర అడిగే పేరు, ఫ్లాట్ నంబరు ఇక్కడా అడగవచ్చు కదా.

ఇటువైపు ఇల్లు చూసేవారు అడ్వాన్స్ ఇచ్చే ముందు బస్టాపు దాకా, మందుల షాపు దాకా ఒకసారి నడిచి చూడండి. ఇంటికి ఐదుకు నాలుగు, ఉన్న చోటుకు రెండు ఇస్తాను. అగ్రిమెంటు మార్చిలో ముగుస్తుంది; సంక్రాంతికి అమ్మ వచ్చేలోగా ఆ తాళం తీయకపోతే మళ్లీ జయనగర్ వైపే ఇల్లు వెతుక్కుంటాము.